పుండుకు కొత్త కట్టు... కాపలా మాత్రం ఇల్లాలిదే!

బేతంచెర్లలో ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా కాళ్లకింద చల్లగా తగిలేది నాపరాతి బండే. ఊరిచుట్టూ గనులు, ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీలు. ఎక్కడెక్కడి ఇళ్లకో లారీల్లో తరలిపోయే ఆ నున్నటి బండల వెనుక, ఇక్కడి మగవాళ్ల, ఆడవాళ్ల కాళ్లూ చేతులూ ఎన్ని దెబ్బలు తింటాయో కొనేవాళ్లకు తెలియదు.

మా మేనత్త అక్కడే ఉంటుంది. మామ పాతికేళ్లు పాలిష్ పనిలోనే ఉన్నాడు. షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. 2023 వేసవిలో ఒక సాయంత్రం, తుడిచిన బండలమీద తడి మరకలు వరసగా కనిపించాయట అత్తకు. పిల్లలు నీళ్లు ఒలకబోశారేమోనని గుడ్డ తెచ్చి తుడిచింది. గుడ్డ ఎర్రబడింది! మామ కాలు పట్టి చూస్తే, అరికాల్లో చిటికెన వేలి కింద రాతి పెచ్చు దిగబడి ఉంది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదు.

"నొప్పే లేదు కదా, ఏం కాదులే" అన్నాడు మామ.

నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్త పెచ్చు లాగేసి, పసుపు అద్ది, పాతచీర చింపి కట్టింది. ఎనిమిదో రోజుకు కట్టు విప్పితే వాసన. పాదం బూరెలా పొంగింది. జ్వరం. అప్పుడు రైలెక్కించి పట్నంలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. చిటికెన వేలు తీసేశారు. చీము పట్టిన కండంతా కోసేశాక మిగిలిన పుండు అరచేయంత!

"ఇంత గుంత ఎప్పటికి పూడాల? కాలు ఉంటాదా, పోతాదా?" అని అత్త ఏడుస్తుంటే, డాక్టరమ్మ ఒక చిన్న యంత్రం చూపించింది. దానికో సన్నని గొట్టం, గొట్టం చివర స్పాంజి. "ఇది పుండులోని రసిని పీల్చేస్తుందమ్మా. పుండు త్వరగా పూడటానికి సాయపడుతుంది. కానీ కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే" అంది.

ఇవాళ మామ తన కాళ్లమీద తాను నడుస్తున్నాడు. అందుకు యంత్రం ఎంత కారణమో, దాన్ని కాపలా కాసిన మా అత్త కూడా అంతే కారణం. షుగరు ఉన్నవాళ్లు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. రేపు మీ ఇంట్లోనూ ఈ పీల్చే కట్టు అవసరం పడవచ్చు. అందుకే ఈ వ్యాసం.

అసలేమిటీ పీల్చే కట్టు?

డాక్టర్లు దీన్ని 'నెగటివ్ ప్రెజర్' వైద్యం అంటారు. వాడుకలో 'వ్యాక్' అని పిలుస్తారు. పేరు విని భయపడనక్కర్లేదు. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగేటప్పుడు మనం చేసేదేమిటి? నోటితో గాలిని లాగుతాం, ఆ ఖాళీలోకి నీళ్లు పైకి వస్తాయి. ఇక్కడా అంతే.

ముందు పుండును శుభ్రం చేసి, దాని ఆకారానికి సరిపడా స్పాంజి కత్తిరించి లోపల అమరుస్తారు. దానిమీద పల్చని, అతుక్కునే ప్లాస్టిక్ పొర వేసి, గాలి దూరకుండా చుట్టూ అంటిస్తారు. ఆ పొరకు చిన్న రంధ్రం చేసి గొట్టం బిగిస్తారు. గొట్టం రెండో చివర యంత్రం, దాని పక్కనే రసి చేరే డబ్బా. స్విచ్చి వేయగానే లోపలి గాలిని యంత్రం లాగేస్తుంది. ఉబ్బెత్తుగా ఉన్న స్పాంజి ముడుచుకుని ఎండుద్రాక్షలా గట్టిపడుతుంది. అలా గట్టిపడిందంటే కట్టు సరిగ్గా ఉన్నట్టే లెక్క.

ఎంత బలంగా లాగుతుంది? సాధారణంగా 125 మిల్లీమీటర్ల పాదరసం మేరకు. బీపీ చూసి "120" అంటారే, అదే కొలత. బయటి గాలి ఒత్తిడి 760 అనుకుంటే, అందులో ఆరోవంతు తగ్గిస్తారన్నమాట. పుండును బట్టి డాక్టరు దీన్ని తగ్గించి పెట్టవచ్చు కూడా. ఆ అంకె మనం ముట్టుకోకూడదు.

దీనివల్ల లాభమేమిటి? పుండులో నిలవుండే రసి, వాపు నీరు బయటికి పోతాయి. అంచులు దగ్గరికి లాగబడతాయి. పుండు తడి ఆరిపోకుండా, బయటి దుమ్ము సోకకుండా ఉంటుంది. స్పాంజి లాగుడుకు అడుగున ఎర్రని కొత్త కండ, దానిలోకి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. రోజూ కట్టు విప్పి కట్టే బాధ తప్పి, రెండు మూడు రోజులకోసారి మారిస్తే సరిపోతుంది.

ఎవరు కనిపెట్టారు?

పుండు నుంచి చెడును పీల్చి తీయాలన్న ఊహ పాతదే. సుశ్రుత సంహితలో కొమ్ముతో, సొరకాయ బుర్రతో, జలగలతో చెడురక్తం తీసే పద్ధతులున్నాయి. అయితే అవి వేరు, ఇది వేరు. ఇప్పటి పద్ధతికి 1990ల మొదట్లో జర్మనీలో ఫ్లైష్‌మన్ బృందం బాట వేసింది. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్లాస్టిక్ సర్జన్ లూయిస్ అర్జెంటా, శాస్త్రవేత్త మైకేల్ మోరిక్వాస్ దీన్ని యంత్రంగా మలిచారు. 1997లో వాళ్లు ప్రచురించిన వివరాల ప్రకారం 300 పుండ్లకు ఈ కట్టు వేస్తే 296 పుండ్లలో మంచి గుణం కనిపించింది.

పెద్ద యంత్రాలు ఖరీదైనవి. అందుకే మన దేశంలో పలు బోధనాసుపత్రుల్లో డాక్టర్లు మామూలు స్పాంజి, ముక్కులో వేసే సన్నగొట్టం, అతుక్కునే పొర, వార్డు గోడకుండే సక్షన్... వీటితోనే ఈ వైద్యం చేస్తున్నారు. 2010లో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న డేనియెల్ జురోవ్‌సిక్ అనే అమ్మాయి, కరెంటు అక్కర్లేకుండా చేత్తో నొక్కి వదిలితే పీల్చే ప్లాస్టిక్ పంపును తయారుచేసి అక్కడికి తీసుకెళ్లింది. కాబట్టి "అది డబ్బున్నవాళ్ల వైద్యం, మనకెక్కడ" అని ముందే నిరాశపడకండి. పెద్దాసుపత్రిలో అడగండి. కొన్నిచోట్ల యంత్రం అద్దెకిస్తారు. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో మీ చికిత్సకు ఏమేం వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను విచారించండి.

మంత్రం కాదు, యంత్రం!

పక్కింటివాళ్లు "యంత్రం పెడితే చాలు, పుండు మాయం" అంటారు. నమ్మకండి. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, షుగరు వల్ల పాదంలో కొంతభాగం తీసేసిన 162 మందిని రెండు జట్లు చేశారు. 16 వారాలు తిరిగేసరికి పీల్చే కట్టు వేసినవారిలో నూటికి 56 మందికి, మామూలు మంచి కట్టు వేసినవారిలో నూటికి 39 మందికి పుండు మానింది. లాభం ఉన్నట్టే కదా! కానీ 2020లో జర్మనీ నుంచి వచ్చిన మరో పెద్ద పరిశోధనలో, షుగరు పుండ్ల విషయంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి దీన్నెలా అర్థం చేసుకోవాలి? పొయ్యి ఎంత మంచిదైనా పప్పు నానకపోతే ఉడకదు. యంత్రమూ అంతే. దానికంటే ముందు నాలుగు పనులు జరిగి తీరాలి. ఒకటి, కుళ్లిన కండను డాక్టరు పూర్తిగా తీసేయాలి. రెండు, పాదానికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో పరీక్షించాలి. మూడు, షుగరు అదుపులోకి రావాలి, అవసరమైతే ఇన్సులిన్‌తో. నాలుగు, పుండున్న చోట ఒంటి బరువు పడకూడదు. ఈ నాలుగూ చేయకుండా యంత్రం తగిలిస్తే డబ్బు దండగ, కాలికి చేటు.

మామ విషయంలో అత్తకు అన్నిటికన్నా కష్టమైంది నాలుగోదే! "కూచోమంటే కూచోడు. వాకిట్లోకి ఎవరొచ్చినా లేచి పోతాడు" అని నెత్తి కొట్టుకునేది. చివరికి చెప్పులు దాచేసి, మంచం వాకిలికి ఎదురుగా వేసింది. వచ్చినవాళ్లే మంచం దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఉపాయం ఫలించింది!

ఎవరికి పనికిరాదు?

నల్లగా చచ్చిన కండ ఇంకా పుండులో ఉంటే ఈ కట్టు వేయకూడదు. ఎముకకు చీము పట్టి, దానికి వైద్యం జరగకపోతే వేయకూడదు. పుండులో కేన్సర్ ఉంటే వేయకూడదు. రక్తనాళాలు, లోపలి అవయవాలు బయటపడి కనిపిస్తుంటే వాటిమీద నేరుగా స్పాంజి పెట్టకూడదు. గుండెజబ్బుకు, పక్షవాతానికి రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవారుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. "అడగలేదు కదా, చెప్పలేదు" అంటే కుదరదు. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లి చూపించండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, 2009 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాల విషయంలో ఒక హెచ్చరిక జారీ చేసింది. అంతకుముందు రెండేళ్లలో 6 మరణాలు, 77 మందికి హాని జరిగినట్టు తమకు సమాచారం అందిందని చెప్పింది. అన్నిటికన్నా తీవ్రమైంది రక్తస్రావం. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో కాదు, ఇళ్లలోనూ దీర్ఘకాలం ఉంచే సంరక్షణ కేంద్రాల్లోనూ జరిగాయి. భయపెట్టడానికి కాదు ఇది చెబుతున్నది. చూసే కళ్లు ఉంటే ముప్పు ముందే తెలుస్తుందని చెప్పడానికి.

'రెండు ముక్కలు పెట్నారు కదమ్మా?'

ఆసుపత్రిలో వారం ఉంచి, చిన్న యంత్రంతో మామను ఇంటికి పంపారు. రోజు విడిచి రోజు పట్నం వెళ్లి కట్టు మార్పించుకోవాలి. మా అత్త చదువుకున్నది ఐదో తరగతి. కానీ పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే యంత్రం లెక్క కూడా మొదలుపెట్టింది. ఏ రోజు కట్టు మార్చారు, డబ్బాలో ఎంత రసి చేరింది, ఏ రంగులో ఉంది, పొద్దున షుగరెంత... అన్నీ.

రెండోవారంలో ఒకనాడు కట్టు మార్చేచోట కొత్తమ్మాయి ఎవరో స్పాంజి తీసి, పుండు కడిగి, కొత్తది పెట్టబోతోంది. అత్త క్యాలెండర్ కాగితం తీసి చూసుకుంది.

"అమ్మా, మొన్న రెండు ముక్కలు పెట్నారు కదమ్మా? ఒకటే తీస్తిరే?"

ఆ అమ్మాయి ఆగింది. పెద్ద డాక్టరు వచ్చి వెలుతురు పెట్టి చూస్తే, పుండు మూలన సొరంగంలా ఉన్నచోట రెండో ముక్క ఉండిపోయింది! ఎర్రటి తడిలో కలిసిపోయి కంటికి ఆనలేదు. అదలాగే ఉండిపోయి ఉంటే కండ దానిమీదికి పెరిగేది, లోపల చీము పట్టేది. డాక్టరుగారు అత్తవైపు తిరిగి చేతులు జోడించారట. "నాకేం తెలుసబ్బా, లెక్క రాసుకున్నా, అంతే" అంటుంది మా అత్త ఇప్పటికీ.

అంతే కాదు అత్తా, ఆ లెక్కే మామ కాలు!

ఇంట్లో ఇల్లాలు గమనించాల్సినవి

* కట్టు వేసిన ప్రతిసారీ "ఎన్ని ముక్కలు పెట్టారు?" అని అడగండి. ఆ అంకెను కట్టుమీద రాయమనండి, మీరూ రాసుకోండి. తీసేటప్పుడు లెక్క సరిచూసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

* స్పాంజి ముడుచుకుని గట్టిగా ఉందో లేదో పూటపూటా చూడండి. ఉబ్బి మెత్తబడిందంటే ఎక్కడో గాలి దూరుతోంది. యంత్రం కూడా బీప్ బీప్ మంటుంది. పొర అంచులను వేళ్లతో నొక్కి చూడండి. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన అంటుపొర ముక్క అతికించండి. సెల్లోటేపులు పనికిరావు.

* డబ్బాలో లేత ఎరుపు, లేత పసుపు రసి రావడం మామూలే. గొట్టంలో గానీ డబ్బాలో గానీ తాజా ఎర్రరక్తం ధారగా కనిపిస్తే వెంటనే యంత్రం ఆపేయండి. కట్టు పీకవద్దు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని, 108కి ఫోను చేయండి.

* యంత్రం రోజు మొత్తంమీద 2 గంటలకు మించి ఆగి ఉండకూడదు. ఆగితే లోపలి రసి నిలవుండి చీము పడుతుంది. కరెంటు కోత ఉండే ఊళ్లలో కరెంటున్నప్పుడే బ్యాటరీ నింపి పెట్టుకోండి. 2 గంటలు దాటి ఆగిపోతే ఏంచేయాలో ఇంటికొచ్చే ముందే డాక్టరును అడిగి తెలుసుకోండి. స్పాంజి తీసేసి, సెలైన్‌లో తడిపిన గాజు కట్టు వేయించాల్సి ఉంటుంది.

* గొట్టం మడత పడకుండా, కాలికింద నలగకుండా చూడండి. గొట్టంమీదే పాదం పెట్టి పడుకుంటే అక్కడ కొత్తపుండు పుడుతుంది. షుగరున్నవారికి ఆ ఒరిపిడి తెలియదు మరి!

* మనవలు, మనవరాళ్లు ఆ లైట్లూ మోతా చూసి ఆటవస్తువనుకుంటారు. యంత్రాన్ని వాళ్ల చేతికి అందనిచోట, తడి తగలని చోట పెట్టండి.

* చలిజ్వరం, పుండు చుట్టూ ఎర్రదనం, వేడి, దుర్వాసన, ఉన్నట్టుండి నొప్పి... వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగవద్దు.

* కట్టు మార్చేటప్పుడు నొప్పి ఉంటుంది. ముందే నొప్పిమాత్ర వేసుకోవచ్చా అని అడగండి. స్పాంజి అతుక్కుపోతే సెలైన్ పోసి నానబెట్టి తీస్తారు. 'మెల్లగా' అని చెప్పడానికి జంకవద్దు.

పథ్యం పేరుతో పస్తులొద్దు

పుండున్నవాళ్లకు గుడ్డు పెడితే చీము పడుతుందని, పప్పు తింటే పుండు మానదని మనలో ఒక నమ్మకం. డబ్బాలోకి రోజూ పోతున్న రసిలో మాంసకృత్తులు కూడా పోతుంటాయి. కొత్త కండ పుట్టాలంటే అవే కావాలి. చారూ అన్నంతో సరిపెడితే కండ ఎక్కడినుంచి వస్తుంది?

మా అత్త మొదట్లో మామకు పథ్యమని చారన్నమే పెట్టింది. డాక్టరమ్మ కోప్పడ్డాక మార్చింది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, సాయంత్రం గుప్పెడు అలసంద గుగ్గిళ్లు, రాత్రి చిన్న రాగిసంకటి ముద్ద, చికెన్ పులుసో ఉలవల కూరో, పడుకునే ముందు మజ్జిగ. మధ్యలో ఒక జామకాయ ముక్క, ఉసిరికాయ. శాకాహారులు గుడ్డు బదులు పప్పులు, పాలు, పెరుగు, పనీరు, సోయా పెంచుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత మాంసకృత్తు తినాలో డాక్టరునే అడగాలి. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి. అవి పాదానికి వెళ్లే రక్తనాళాలను మూసేస్తాయి.

ఇక పుండుమీద పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు, రాతిపొడి... ఏదీ వద్దు. వంటింటి డబ్బాల్లోవి వంటకే! దెబ్బ తగలగానే శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, షుగరున్నవారైతే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

పుండు రాకుండా...

నాలుగు వారాలకు మామ పుండు ఎర్రగా, సమంగా పూడింది. తొడమీది పల్చని చర్మం తీసి అక్కడ అతికించారు. మరో నెలకు ఇంటిముందు అరుగుమీద కూర్చున్నాడు. వేలు ఒకటి పోయింది గానీ పాదం మిగిలింది. ఎనిమిది రోజులు పసుపు కట్టుతో గడపకుండా ఆ మొదటి సాయంత్రమే రైలెక్కి ఉంటే, ఆ వేలు కూడా మిగిలేదేమో!

ఇప్పుడు అత్త పద్ధతులు మారాయి. రాత్రి అన్నాలయ్యాక మామ కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు చూస్తుంది. సాయంగా ఎవరూ లేనివారు అద్దం నేలమీద పెట్టి ఎవరి అరికాలు వారే చూసుకోవచ్చు. పాదాలకు కొబ్బరినూనె రాస్తుంది, వేళ్ల మధ్య మాత్రం రాయదు. గోళ్లు మరీ లోతుగా తీయనివ్వదు. ఇంట్లో కూడా ఎం.సి.ఆర్. మెత్తచెప్పులు వేసుకోవాల్సిందే. చెప్పులు తొడిగే ముందు విదిలించి, లోపల రాతి నలుసు ఉందేమో చేయి పెట్టి చూడాల్సిందే.

ఎండాకాలం మరీ జాగ్రత్త. మధ్యాహ్నం కాలిన బండమీద స్పర్శ లేని పాదం పెడితే, కాలినట్టు తెలిసేసరికి బొబ్బ పగిలి ఉంటుంది. మద్దిలేటి నరసింహస్వామి దర్శనానికి వెళ్లాలని మామ పట్టుబడితే, "తెల్లారుజామునే పోదాం, బండలు చల్లగా ఉన్నప్పుడు" అని అత్త షరతు పెట్టింది. గుడిదాకా చెప్పులతో నడిపించి, లోపలికి మందపాటి మేజోళ్లు తొడిగింది. "స్వామి ఏమీ అనుకోడులే. కాలు ఇచ్చింది ఆయనే, కాపాడుకోమనేదీ ఆయనే" అంది.

పుండులోని రసిని పీల్చే యంత్రం వచ్చింది. పుండును చూసే యంత్రం మాత్రం ఇంకా ఇంటి ఇల్లాలి కళ్లే. ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లో షుగరున్నవారి అరికాళ్లు ఒక్కసారి దీపం దగ్గరికి తెచ్చి చూడండి. రెండు నిమిషాల పని!